టాప్ టెన్‌లో సమరసింహారెడ్డి ఎందుకు లేదప్పా?

మళ్ళీ ఎవరో "తెలుగు సినిమాని మార్చేసిన పది సినిమాలు" అని లిస్టు పెట్టారు, మళ్ళీ అవే పేర్లు. మాయాబజార్, శంకరాభరణం, శివ, బాహుబలి, మధ్యలో మొహమాటానికి ఒక చిన్న సినిమా. కింద నన్ను ట్యాగ్ చేసి "నువ్వు చెప్పన్నా" అన్నారు కాబట్టి చెప్తా, తర్వాత తిట్టుకోవద్దు.

మనసులో నిలిచిపోయిన సినిమా ఒకటి, జనం మీద పనిచేసిన సినిమా ఇంకొకటి. రెండిటినీ ఒకే లిస్టులో కుక్కేస్తారు చూడండి, అక్కడే నా గొడవ.

మాయాబజార్‌నే తీసుకోండి. 1957 నాటిది. భారతం కథే, కానీ పాండవులు ఒక్క సీనులో కూడా కనపడరు, సినిమా అయిపోయాక కూడా ఆ సంగతి మనకి తట్టదు! 'అహ నా పెళ్ళియంట' పాటలో సావిత్రిని చూడండి. గొంతు సుశీల నుంచి ఘంటసాలకి మారిందో లేదో, అప్పటిదాకా సిగ్గుపడుతున్న పెళ్ళికూతురి భుజాలూ నడకా ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్వీ రంగారావువి అయిపోతాయి. గ్రాఫిక్సు లేదు, మేకప్ మార్పు లేదు. టీవీలో అది వస్తుంటే మా ఇంట్లో రిమోట్ ఎవరూ ముట్టుకోరు. సరే, మరి ప్రభావం? దాన్ని కాపీ కొట్టడం ఎవరి వల్ల అయింది? మొక్కుకునే సినిమా అది, జనాన్ని మార్చిన సినిమా అంటే మాత్రం ఒప్పుకోను.

శంకరాభరణం (1980) కూడా దాదాపు అంతే. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తున్న సోమయాజులుని హీరోగా పెట్టి, సంగీతం నమ్ముకుని తీశారు. జనం ఒకరికొకరు చెప్పుకునే నిలబెట్టారు. దండం. ఆ దారిన నడిచింది ఎక్కువగా దాన్ని తీసిన విశ్వనాథ్ గారే.

1989 శివ వేరు, అది రెండు పనులూ చేసింది. సందుల్లో హీరో తన అన్న కూతుర్ని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తొక్కుతుంటే వెనక రౌడీలు తరుముతారే, ఆ సీనులో కెమెరా మనల్ని కూడా ఆ సందులోకి ఈడ్చుకుపోతుంది. స్టెడీక్యామ్ (పరిగెత్తినా బొమ్మ కదలకుండా తీసే కెమెరా) అంటే ఏంటో తెలియని వయసులో కూడా ఇదేదో వేరేగా ఉందని అనిపించింది. ఆ తర్వాత ఎన్ని కాలేజీ సినిమాల్లో ఎన్ని సైకిల్ చైన్లు తెగాయో లెక్కే లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. 1999 సంక్రాంతికి బాలకృష్ణ ఫ్యాక్షన్ సినిమా సమరసింహారెడ్డి వచ్చింది, 2001 సంక్రాంతికి అదే హీరో, అదే డైరెక్టరుతో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. ఎగిరిపడే సుమోలు, వేటకొడవళ్ళు, పంచె కట్టుకున్న విలన్ చుట్టూ వందమంది మందీ మార్బలం. ఒక ప్రాంతం మీద, అంటే మా రాయలసీమ మీద, బయటివాళ్ళ అభిప్రాయాన్ని ఇంతగా మార్చిన సినిమాలు తెలుగులో ఇంకేవైనా ఉన్నాయా? అయినా ఒక్క లిస్టులోనూ వీటి పేరు ఉండదు, ఎందుకంటే ప్రభావం అంటే మంచిదే అయ్యుండాలని మనవాళ్ళ లెక్క.

నేను హైదరాబాద్ హాస్టల్‌లో దిగిన రోజే రూమ్మేట్ ఊరడిగాడు. తిరుపతి అన్నా. "లడ్డూలు తెస్తావా?" అన్నాడు, బానే ఉంది. కాసేపాగి, "అంటే రాయలసీమ కదా, మీ ఇంట్లో బాంబులుంటాయా?" వాడు జోకేయలేదు, నిజంగానే అడిగాడు! మా నాన్న ఇంట్లో సుత్తి కనపడక రెండు ఇళ్ళవతలికి వెళ్ళి అడుక్కొచ్చే మనిషి. అసలు సీమంతా ఒకటే అనుకోవడమే తిక్క. నగరి, పుత్తూరు వైపు మాటల్లో సగం అరవం కలుస్తుంది, పలమనేరు, పుంగనూరు దాటితే కన్నడం తగులుతుంది. ఆ సినిమాల్లో అరిచే యాస మా ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

ఇంకో తమాషా. అందరూ నెత్తిన పెట్టుకునే ఆ మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డిది తాడిపత్రి. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది కడప జిల్లా, మల్లీశ్వరి తీసిన బి.ఎన్. రెడ్డి ఆయన అన్నే. గుంటూరు వైపు పుట్టిన నాగయ్య గారు ఇక్కడ నాటకాలాడి చిత్తూరు నాగయ్య అయ్యారు. తెలుగు సినిమాకి నడక నేర్పినవాళ్ళలో ఇంతమంది సీమ మనుషులుంటే, తెర మీద సీమకి దక్కింది కత్తి. ఆ పెద్దల సినిమాల్లో కూడా మన యాస పెద్దగా వినపడదు, ఆ లోటూ ఒప్పుకోవాలి.

అందుకే 2021లో పుష్ప చూసినప్పుడు నా ఆనందం వేరు. మా తిరుపతిలో సెకండ్ షోకి కొండ దిగి, రైలు టైము అయ్యేదాకా కూర్చునేవాళ్ళు కూడా వస్తారు. మా ముందు వరసలో అన్నీ గుండ్లే, గంధం ఇంకా ఆరలేదు, కాళ్ళ దగ్గర లడ్డూ కవర్లు. హీరో మా అవ్వ మాట్లాడినట్టు ఒక మామూలు మాట అన్నాడు, మా వరసంతా పడిపడి నవ్వింది, ముందున్న గుండ్లన్నీ ఇందులో నవ్వడానికేముందని వెనక్కి తిరిగాయి. విలన్‌కీ కమెడియన్‌కీ వదిలేసిన యాసని హీరో మొదటినుంచి చివరిదాకా మాట్లాడాడు, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. తెలుగు హీరోకి ఉత్తమ నటుడి అవార్డు రావడం అదే మొదటిసారి.

అంత సంతోషంలోనూ ఒకటి గుచ్చుకుంటుంది. ఎర్రచందనం దుంగలు మోసే కూలీ స్మగ్లింగ్ సిండికేట్‌కి నాయకుడైపోతే విజిల్ వేశాం. 2015 ఏప్రిల్‌లో ఇదే శేషాచలం అడవిలో 20 మంది ఎన్‌కౌంటర్‌లో పోయారు, ఎక్కువమంది తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. దుంగ మోసేవాడి కథ అసలు అది. దాన్ని తెలుగులో పెద్ద హీరోతో తీసే ధైర్యం ఎవరికుంది?

పుష్ప రెండో భాగంలో మా తిరుపతి గంగమ్మ జాతర పెట్టారు. చీర కట్టిన హీరోని చూసి మా ఫ్రెండ్స్ గ్రూపులో రెండు రోజులు రచ్చ. నటన అదిరింది, కాదనను. కానీ ఆ జాతర కథలోనే స్క్రీన్‌ప్లే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మా వైపు చెప్పుకునేదేంటంటే, ఊరిని ఏలుతూ ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషం వేసుకుని ఊరంతా వెతుకుతుంది, బైరాగి, బండ, తోటి అని. చివరికి దొర వేషంలో వస్తే వాడు బయటికొస్తాడు, తల తెగుతుంది. మరుసటి రోజు ఆమే మాతంగి వేషంలో పాలెగాడి పెళ్ళాం దగ్గరికి వెళ్ళి ఓదారుస్తుంది.

చంపిన చేత్తోనే కన్నీళ్ళు తుడవడానికి వెళ్ళే ఈ సీను ఏ ఫ్యాక్షన్ సినిమాలో ఉంది చెప్పండి? అరవింద సమేత (2018) ఒక్కటే కాస్త అటువైపు చూసింది, చచ్చినవాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళు ఏమైపోతున్నారని అడిగింది. మిగతా అన్నిటిలో విలన్ పడగానే హీరో కండువా సర్దుకుంటాడు, శుభం కార్డు పడుతుంది, ఆ విలన్ భార్య ఎక్కడుందో మనకీ అక్కర్లేదు, డైరెక్టరుకీ అక్కర్లేదు.

నా లిస్టులో మొదటి పేరు సమరసింహారెడ్డి, రెండోది శివ, మూడోది పుష్ప. మాయాబజార్ ఈ లిస్టులో లేదు, అది దేవుడి గదిలో ఉంది. తిట్టేవాళ్ళు కింద మొదలుపెట్టండి.