సెల్మా వంతెన మీదుగానే మనం అమెరికా చేరాం

అమెరికాలో నలుగురు తెలుగువాళ్లు భోజనాల దగ్గర కలిసి రాజకీయాలు మొదలుపెడితే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. 'మేం జేబులో 8 డాలర్లతో దిగాం. ఎవరూ సాయం చేయలేదు. చదువుతో, కష్టంతో పైకొచ్చాం. మరి నల్లవాళ్లు తరతరాలుగా ఇక్కడే ఉన్నారుగా, వాళ్లెందుకు పైకి రాలేదు?' అడిగేవాళ్లలో చాలామంది నిజాయితీగానే అడుగుతారు. అదే ప్రశ్న వాట్సాప్ ఎక్కి గుంటూరు, వరంగల్ దాకా వచ్చి, ఇక్కడి పిల్లలకు అమెరికా చరిత్రగా స్థిరపడిపోతోంది.

8 డాలర్ల మాట నిజమే. విదేశీ మారకానికి కటకటలాడిన ఆ రోజుల్లో మన ప్రభుత్వం అంతకు మించి ఇచ్చేది కాదు. కష్టపడ్డ మాటా నిజమే. 'ఎవరూ సాయం చేయలేదు' అన్నది మాత్రం నిజం కాదు. మనకు ఆ దేశపు తలుపు తెరిపించింది నల్లజాతి ఉద్యమం. దెబ్బలు వాళ్లు తిన్నారు, వీసాలు మనకు దక్కాయి.

ప్రతిభ ఒక్కటే చాలుననుకునేవాళ్లు యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. భీమవరంలో పుట్టిన ఆయన 1923లో బోస్టన్ చేరారు. సరిగ్గా అదే ఏడాది భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు చట్టం దృష్టిలో తెల్లవాళ్లు కారనీ, కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారనీ తేల్చింది. మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టం ఆసియావాళ్లకు దాదాపు పూర్తిగా తలుపులు మూసింది. హార్వర్డ్‌లోనూ, తర్వాత లెడర్లీ లేబొరేటరీస్‌లోనూ సుబ్బారావు చేసిన పరిశోధనలు పిల్లల లుకేమియాకు తొలి మందుల దాకా దారి చూపాయి. అంతటి మనిషికి 1946 వరకు అమెరికా పౌరసత్వం అడిగే హక్కే లేదు. 1948లో కన్నుమూసేనాటికీ ఆయన ఆ దేశ పౌరుడు కాలేదు. ఆయనకు లేని ప్రతిభ తర్వాత వెళ్లిన మనలో ఎవరికి ఉంది? తేడా చట్టంలో వచ్చింది. ఆ చట్టం ఎలా మారిందన్నదే అసలు కథ.

1946లో వచ్చిన లూస్-సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వ హక్కు ఇచ్చింది. వలసకు మాత్రం ఏడాదికి 100 మంది కోటా పెట్టింది. దాదాపు 40 కోట్ల జనాభా ఉన్న దేశానికి వంద! ఆ చట్టం పేరులోని సెల్లర్ ఎవరో మన సంఘాల సావనీర్లలో ఎక్కడా కనిపించదు. ఇమాన్యుయేల్ సెల్లర్ బ్రూక్లిన్ నుంచి గెలిచిన కాంగ్రెస్ సభ్యుడు, యూదు. కొత్తగా సభలో అడుగుపెట్టిన రోజుల్లోనే 1924 వలస చట్టాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడాడు, ఓడిపోయాడు. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆ పట్టు వదల్లేదు. ప్రతినిధుల సభ న్యాయవ్యవహారాల కమిటీ అధ్యక్షుడిగా 1964 పౌరహక్కుల బిల్లును సభలో నెగ్గించింది ఆయనే. 1965 ఓటు హక్కు బిల్లూ ఆ కమిటీ నుంచే వచ్చింది. అదే ఏడాది దేశాలవారీ కోటాలను రద్దు చేసిన హార్ట్-సెల్లర్ వలస చట్టం మీదా ఆయన పేరే ఉంది. ఒకే మనిషి, ఒకే కమిటీ, ఒకే వరుసలో మూడు చట్టాలు. మూడింటి సారం కూడా ఒకటే: పుట్టుకను బట్టి మనిషికి హక్కులు కొలవకూడదు.

దీనికి ఒక అభ్యంతరం చెబుతారు. 1965 వలస చట్టం వెనక ఉన్నది ప్రచ్ఛన్న యుద్ధమనీ, సోవియట్ ముందు పరువు కాపాడుకోవాలన్న అవసరమనీ, అసలు ఉద్దేశం ఇటలీ, గ్రీస్, పోలండ్ వాళ్లకు మేలు చేయడమేననీ, ఆసియావాళ్లు అంతమంది వస్తారని ఎవరూ ఊహించలేదనీ అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. సంతకం పెడుతూ అధ్యక్షుడు జాన్సన్ కూడా ఇదేమీ విప్లవాత్మక బిల్లు కాదన్నాడు. కానీ ప్రచ్ఛన్న యుద్ధం 1952లో ఇంకా ముదిరి ఉంది, కొరియాలో అమెరికా సైనికులు చనిపోతున్నారు. సరిగ్గా ఆ ఏడాదే కాంగ్రెస్ పాత జాతీయ కోటాలను కొనసాగిస్తూ మెకారన్-వాల్టర్ చట్టం చేసింది. అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేస్తే ఆ వీటోను కూడా తోసిపుచ్చింది. సోవియట్ భయం ఒక్కటే కోటాలను తీసేయించగలిగితే అప్పుడే తీసేయించేది. 1952కీ 1965కీ మధ్య అమెరికాలో జరిగిందేమిటి? మాంట్‌గోమరీ జరిగింది, బర్మింగ్‌హామ్ జరిగింది, సెల్మా జరిగింది. మూడూ అలబామా రాష్ట్రంలో నల్లజాతి హక్కుల ఉద్యమం నడిచిన ఊళ్లు.

మాంట్‌గోమరీ అనగానే రోజా పార్క్స్, మార్టిన్ లూథర్ కింగ్ గుర్తొస్తారు. నాకు మాత్రం జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి ముందు గుర్తొస్తుంది. బస్సుల్లో తెల్లవాళ్లకు సీటు వదలాలన్న నిబంధనకు నిరసనగా 1955 డిసెంబర్‌లో అక్కడి నల్లజాతివాళ్లు సిటీ బస్సులు ఎక్కడం మానేశారు. 381 రోజులు ఎక్కలేదు. ఆ రోజులన్నీ వేలమందిని పనులకు చేర్చడానికి కార్లు కావాలి, వాటికి పెట్రోలు కావాలి, రిపేర్లకు డబ్బు కావాలి. గిల్మోర్ కొంతమంది ఆడవాళ్లను పోగేసి కేకులు, పైలు, వేయించిన కోడిమాంసం శాండ్‌విచ్‌లు చేసి బ్యూటీ పార్లర్లలో, లాండ్రీల దగ్గర, ఇంటింటికీ తిరిగి అమ్మించింది. వచ్చిన డబ్బు ఉద్యమ సభల్లో తెచ్చి ఇచ్చేది. ఎవరు ఇచ్చారంటే 'క్లబ్ ఫ్రమ్ నోవేర్' అని చెప్పేది. పేరు బయటపడితే తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసే ఆ ఆడవాళ్ల ఉద్యోగాలు పోతాయి. కోర్టులో కింగ్ తరఫున సాక్ష్యం చెప్పినందుకు ఆమె ఉద్యోగం పోనే పోయింది. తర్వాత ఇంట్లోనే వంట చేసి అమ్ముకుని బతికింది. పదేళ్ల తర్వాత వాషింగ్టన్‌లో చట్టాలు మారడానికి పెట్టుబడి ఇలాంటి వంటిళ్ల నుంచే వచ్చింది.

1964 మే నెలలో మన లోక్‌సభ సభ్యుడు రామ్‌మనోహర్ లోహియా మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో ఒక కెఫెటేరియాకు వెళితే లోపలికి రానివ్వలేదు. మళ్లీ వెళితే పోలీసులు పట్టుకెళ్లారు. అవతలివాళ్లకు కనిపించింది ఆయన ఒంటి రంగు ఒక్కటే. రెండు నెలలు తిరక్కుండానే, జులై 2న, పౌరహక్కుల చట్టం అలాంటి కెఫెటేరియాల తలుపులు అందరికీ తెరవాల్సిందేనంది. 1965 మార్చి 7న సెల్మాలో ఓటు హక్కు కోసం బయల్దేరి ఎడ్మండ్ పెటస్ వంతెన దిగుతున్న నల్లజాతివాళ్ల ఊరేగింపు మీద పోలీసులు లాఠీలు, బాష్పవాయువుతో విరుచుకుపడ్డారు. ముందు నడుస్తున్న యువనాయకుడు జాన్ లూయిస్ పుర్రె పగిలింది. ఆ రాత్రి టీవీలో దేశమంతా చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం పాదాల దగ్గర వలస చట్టం మీద జాన్సన్ సంతకం చేశాడు. వందమంది కోటా పోయి ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల్లోని ఏ దేశం నుంచైనా ఏడాదికి 20,000 మంది దాకా రావచ్చన్నారు. చదువుకున్న వృత్తి నిపుణులకు ప్రత్యేక ప్రాధాన్యం పెట్టారు.

1965 జులైలోనే మెడికేర్ చట్టం కూడా వచ్చింది. వృద్ధులకు ప్రభుత్వ వైద్యం అనేసరికి డాక్టర్లు ఒక్కసారిగా చాలలేదు. గుంటూరు, విశాఖ, హైదరాబాద్ మెడికల్ కాలేజీల నుంచి మనవాళ్లు విమానం ఎక్కింది అప్పటినుంచే. పౌరహక్కుల చట్టం ప్రకారం, రోగులను రంగును బట్టి విడదీసే ఆసుపత్రికి మెడికేర్ డబ్బు రాదు. ఆ ఒత్తిడికి వెయ్యికి పైగా ఆసుపత్రులు కొద్ది నెలల్లోనే తెల్ల వార్డు, నల్ల వార్డు అనే తేడా తీసేశాయి. అలా మారిన వార్డుల్లోకే మన తొలితరం డాక్టర్లు స్టెతస్కోప్ వేసుకుని వెళ్లారు. పదేళ్లు ముందు వెళ్లి ఉంటే అమెరికా దక్షిణాదిలో ఎన్నో ఆసుపత్రుల్లో వాళ్లను ఏ గుమ్మంలోంచి రమ్మనేవారో చెప్పక్కర్లేదు.

ఇక 'వాళ్లెందుకు పైకి రాలేదు' అన్న ప్రశ్నకొద్దాం. జవాబు న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలండ్‌లోని లెవిట్‌టౌన్‌లో ఉంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు తిరిగొచ్చాక అమెరికా మధ్యతరగతి పుట్టింది అలాంటి కాలనీల్లోనే. 1947 నుంచి అక్కడ 17 వేలకు పైగా ఇళ్లు వరసగా కట్టారు. 1949లో ఒక ఇల్లు 7,990 డాలర్లు. మాజీ సైనికుడైతే చేతినుంచి ముందు పైసా కట్టక్కర్లేదు. అప్పుకు ప్రభుత్వమే పూచీ. మొదట్లో ఆ ఇళ్ల ఒప్పంద పత్రాల్లో ఒక షరతు ఉండేది: తెల్లజాతివారు తప్ప ఇంకెవరూ ఈ ఇంట్లో ఉండరాదు, అయితే ఇతర జాతుల పనివాళ్లను పెట్టుకోవచ్చు. నల్లజాతి సైనికుడు నార్మండీలో పోరాడి వచ్చినా సరే, ఆ ఇంట్లోకి పనివాడిగా మాత్రమే వెళ్లగలడు. 1960 నాటికీ ఆ లెవిట్‌టౌన్ దాదాపు పూర్తిగా తెల్లవాళ్ల ఊరే.

ఇదేదో ఒక బిల్డర్ దురభిమానం అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ప్రభుత్వ గృహరుణ సంస్థే నల్లవాళ్లు చేరితే ఆ పేటలో ఇళ్ల ధర పడిపోతుందని రాసి పెట్టుకుని, అప్పుల పూచీకి అదే కొలమానం చేసింది. 1944లో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జీఐ బిల్లు సైనికులకు కాలేజీ చదువు, ఇంటి అప్పు, వ్యాపారానికి అప్పు ఇచ్చింది. కాగితం మీద అందరికీ సమానమే. అమలు మాత్రం స్థానిక అధికారులు, బ్యాంకుల చేతుల్లో పెట్టారు. ఫలితం? మిసిసిపీలోని 13 నగరాల్లో 1947లో ఇచ్చిన 3,229 పూచీ అప్పుల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు.

ఉత్తరాదిలో పరిస్థితి వేరనుకునేవాళ్లు పెన్సిల్వేనియాలోని మరో లెవిట్‌టౌన్ గురించి తెలుసుకోవాలి. 1957 ఆగస్టులో విలియం, డైసీ మైర్స్ అనే నల్లజాతి దంపతులు పసిపిల్లలతో ఆ ఊళ్లో ఒక ఇల్లు కొనుక్కుని దిగారు. ఆయన యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు, ఆమె టీచరుగా చదువుకుంది. మన లెక్కలో పక్కా 'మంచి కుటుంబం'. ఇంటి ముందు వందలమంది గుమిగూడారు. కిటికీ అద్దాలు రాళ్లతో పగలగొట్టారు. పక్కనే ఒక ఖాళీ ఇంటిని అడ్డా చేసుకుని బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది జెండా ఎగరేసి, రాత్రిళ్లు నిద్రపోనివ్వకుండా గోల చేశారు. చివరికి రాష్ట్ర పోలీసులు రావాల్సి వచ్చింది, కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చింది. చదువు, కష్టం, క్రమశిక్షణ అన్నీ ఉన్న కుటుంబం గతే ఇది.

అప్పుడు 7,990 డాలర్లకు కొన్న ఇల్లు ఇప్పుడు ఐదు లక్షల డాలర్ల పైమాటే. ఆ ఇంటిని తాకట్టు పెట్టి పిల్లల్ని చదివించారు, అది మనవలకు ఆస్తిగా వచ్చింది. అవతల ఆ ఇల్లు కొననివ్వని కుటుంబం అద్దెలు కడుతూనే ఉండిపోయింది. 2022 నాటి ఫెడరల్ రిజర్వ్ సర్వేలో మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. మన దగ్గర ముగ్గురు పాలేళ్ల కొడుకులకూ, ముగ్గురు మోతుబరుల కొడుకులకూ ఒకే రోజు ఒకే పరీక్ష పెట్టి, ఫలితాలు చూసి 'చూశారా' అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

అందుకే నాకు ఈ చర్చ అమెరికాతో ఆగేది కాదు. అక్కడ 'నల్లవాళ్లు ఎందుకు ఎదగలేదు' అనే గొంతే ఇక్కడ 'రిజర్వేషన్లు ఎన్నాళ్లు' అంటుంది. 1946లో అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబోయిస్‌కు ఉత్తరం రాస్తూ, మన అంటరానివారికీ అమెరికా నల్లవారికీ ఎంత పోలిక ఉందంటే వారి స్థితిని అధ్యయనం చేయడం అవసరమన్నారు. ఆయన చూసిన ఆ పోలికను మనం చూడటానికి ఇష్టపడం. మనకు ఇంగ్లిష్ మీడియం ఫీజులు కట్టిన పొలం ఎక్కడిది, ఆ పొలం ఒక కులానికి ఎందుకుంది, ఇంకో కులానికి ఎందుకు లేదు అన్న ప్రశ్న వేసుకోకుండా మెరిట్ అంటాం. ఆ మెరిట్‌తోనే విమానం ఎక్కి, కులాన్ని కూడా లగేజీలో తీసుకెళ్లాం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించాల్సి వచ్చిందంటే అది ఎవరి వల్ల? అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే సభలు దాటి గవర్నర్ దాకా వెళితే, అడ్డుకోవాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో మన దేశంవాళ్లే ముందున్నారు. గవర్నర్ వీటో చేశాడు. ఆ జూన్‌లోనే అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది. హార్వర్డ్ మీద ఆ కేసును ఆసియా విద్యార్థుల పేరు చెప్పే వేశారు. మనలో కొందరు సంబరం చేసుకున్నారు. దాతల పిల్లలకు, పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యం జోలికి మాత్రం ఆ తీర్పు పోలేదు.

సంబరం చేసుకున్న ఇళ్లలోనే రెండేళ్లు తిరక్కుండా టెన్షన్ మొదలైంది. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు పుట్టే పిల్లలకు పౌరసత్వం రాదు. ఆ ఉత్తర్వు అమలు కాకుండా కోర్టులు అడ్డుకున్నది 14వ రాజ్యాంగ సవరణను చూపించే. 1868లో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారి కోసం చేసిన సవరణ అది. ఈ పోరాటంలో వలస కుటుంబాల తరఫున నిలబడ్డ లాయర్లలో, నల్లజాతి హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే సంస్థ ఎన్ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్ వాళ్లున్నారు. 1940లో దాన్ని స్థాపించింది థర్‌గుడ్ మార్షల్, తెల్ల బడి, నల్ల బడి చెల్లవని 1954లో సుప్రీంకోర్టులో వాదించి గెలిచిన లాయరు.

మన తెలుగు సంఘాలు పెద్ద పెద్ద కన్వెన్షన్ సెంటర్లలో మహాసభలు పెట్టి, సినిమా తారలకూ మంత్రులకూ విమాన టికెట్లు తీస్తాయి. గుడికి, బడికి, సొంత ఊరికి విరాళాలు ఇస్తాయి, సంతోషమే. వచ్చే మహాసభల బడ్జెట్ కూర్చేటప్పుడు ఆ లీగల్ డిఫెన్స్ ఫండ్‌కు ఒక చెక్కు రాయాలి. అట్లాంటాలో ఉన్న సంఘాలైతే మన పిల్లల కోసం ఒక బస్సు మాట్లాడి, మాంట్‌గోమరీ, సెల్మా తిప్పి తీసుకురావాలి. 8 డాలర్ల కథ చెప్పే తాతలు కూడా ఆ బస్సు ఎక్కాలి.