బందరు పోర్టు: బెర్తుల లెక్క సరే, ఖాళీ కంటైనర్ ఎక్కడి నుంచి వస్తుంది?

మచిలీపట్నంలో కడుతున్న బందరు పోర్టు గురించి విజయవాడలో ఎవరిని కదిలించినా మాట రెండు వైపులకే మళ్లుతుంది. ఒకటి శంకుస్థాపన ఎవరిదన్నది, రెండోది పోర్టు వస్తే బందరు రోడ్డు పొడవునా గజం ఎంత పలుకుతుందన్నది. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి రాయి పడింది కాబట్టి మొదటి వాదనకు మూడు పార్టీల వారికీ కావలసినంత సరుకు ఉంది. ఓడ ఎక్కవలసిన సరుకు గురించే ఎవరూ నోరు విప్పరు.

నేను పోర్టుకు వ్యతిరేకిని కాను. తొలి దశకు 5,156 కోట్ల రూపాయల అంచనా, ఓడలు నిలిచి సరుకు ఎత్తి దించే బెర్తులు నాలుగు, ఏడాదికి 3.5 కోట్ల టన్నుల సామర్థ్యం అంటున్నారు. కృష్ణా, గుంటూరు జిల్లాలకు ఇంత దగ్గరలో అలాంటి రేవు ఉండటం మంచిదే. కాకపోతే సామర్థ్యం అంటే సరుకు కాదు. బెర్తులు కట్టేస్తే ఓడలు వాటంతట అవే వస్తాయన్న నమ్మకానికి బందరు చరిత్రలో ఆధారం దొరకదు.

17వ శతాబ్దంలో ఈ తీరానికి వర్తకుల కొరత లేదు. గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు ఇదే. డచ్చివారు వచ్చారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చారు, ఆ తరువాత ఫ్రెంచివారూ వచ్చారు. ఇక్కడి అద్దకం బట్టలు పర్షియా దాకా వెళ్లాయి. అయినా పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక మైళ్ల దూరంలో లంగరు వేసుకుంటే సరుకంతా పడవల మీద చేరవేయవలసి వచ్చేది. కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్ల ఇక్కడ సముద్రం లోతు తక్కువ. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, బందరు కాలువలో పడవలు తిరిగి, లోపలి నుంచి దారి సుగమమైన తరువాత కూడా సముద్రం వైపు ఆ ఇబ్బంది తీరలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు, పట్టణం తేరుకోలేదు. హోప్ ఐలాండ్ చాటున ఓడలు నిలవగలిగిన కాకినాడ వైపు వ్యాపారం మళ్లింది. ఇప్పుడు డ్రెడ్జింగ్ చేసి లోతు తెస్తామంటున్నారు, తేవచ్చు. అయితే తవ్విన చోట ఒండ్రు మళ్లీ చేరుతుంది. ఏటేటా పూడిక తీసే ఖర్చు రేవు ఆదాయంలో ఎంత భాగమో, అది చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఇప్పుడే అడగాలి.

ఇక గుంటూరు సంగతి. పోర్టు వస్తే మన మిర్చి బందరు నుంచే చైనాకు వెళ్తుందని ప్రతి సభలోనూ చెబుతారు. దూరాలు చూస్తే నిజమేననిపిస్తుంది, ఎందుకంటే గుంటూరు నుంచి చెన్నై నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే, బందరు వంద దరిదాపుల్లోనే. కానీ కోల్డ్ స్టోరేజీ దగ్గర లోడింగ్ జరిగేటప్పుడు ఒకసారి నిలబడి చూడండి. చెన్నై నుంచి ట్రెయిలర్ మీద ఖాళీ కంటైనర్ వస్తుంది. హమాలీలు లోపల గోడలకు అట్టలు పరిచి, తేజ రకం మిర్చి టిక్కీలను, అంటే బస్తాలను, పైకప్పు దాకా పేరుస్తారు. కాయ చెమ్మ పీలిస్తే రంగు పోతుందని తేమను లాగే సంచులు వేలాడదీస్తారు. తలుపులు మూసి సీలు వేస్తారు. అదే బండి మళ్లీ చెన్నై దారి పడుతుంది. ఇందులో ఎగుమతిదారుడికి అన్నిటికంటే ముందు కావలసింది ఆ ఖాళీ పెట్టె. చెన్నైలో అది దొరకడానికి కారణం అక్కడికి దిగుమతులు కంటైనర్లలో వస్తాయి. దించిన పెట్టెలు మన సరుకు కోసం సిద్ధంగా ఉంటాయి. బందరులో దిగేదేమిటి? బొగ్గు, ఎరువులు. అవి పెట్టెల్లో రావు. కంటైనర్ ఓడ నిండుగా వచ్చి నిండుగా వెళ్లే చోటికే వస్తుంది తప్ప, ఖాళీ పెట్టెలు మోసుకొచ్చి మన మిర్చి కోసం ఆగదు. పైగా మిర్చి సీజను సరుకు. మిర్చి యార్డుకు సరుకు రాక పలచబడిన నెలల్లో ఆ ఓడ దేనికోసం రావాలి?

దీనికి జవాబు హైదరాబాదులో ఉంది, ఆ మాట మనవాళ్లకు అంతగా రుచించకపోయినా. ఔషధాల ముడిసరుకు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు, యంత్రాలు కంటైనర్లలో దిగుమతి చేసుకునే నగరం అది. సముద్రం లేని ఆ నగరం ఇప్పుడు ముంబయి దగ్గరి నవా శేవా రేవు మీదా, చెన్నై మీదా ఆధారపడుతోంది. సముద్రానికి దూరంగా ఉండి కంటైనర్లకు రేవులా పనిచేసే డ్రై పోర్టు కట్టి దానిని బందరుకు కలపాలని తెలంగాణ ప్రభుత్వం అడుగుతోంది. రాష్ట్రం విడిపోయిన కోపాన్ని ఇక్కడికి లాక్కొచ్చి "మా పోర్టు వాళ్లకెందుకు" అనే వారిని చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. హైదరాబాదు పెట్టెలు బందరులో దిగితేనే గుంటూరు మిర్చికి పెట్టెలు దొరుకుతాయి. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా బందరు దాకా రైలు మార్గం డబ్లింగ్, విద్యుదీకరణ ఎలాగూ అయ్యాయి. స్టేషను నుంచి బెర్తు దాకా లైను వేయడం, కంటైనర్ రైలుకు వేళలు ఖరారు చేయడం మిగిలాయి. రైలు లేకుండా కేవలం 65వ నంబరు జాతీయ రహదారి మీద ట్రెయిలర్లను నమ్ముకుంటే బెంజ్ సర్కిల్ దగ్గర ఏమవుతుందో విజయవాడ వారికి నేను చెప్పనక్కరలేదు.

ఇంకొకటి రేట్ల విషయం. బాపట్ల తీరంలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు మొత్తంగా స్వాధీనం చేసుకునేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని సముద్ర వర్తకులకు రాతిమీద రాసిచ్చాడు. వర్తకుడికి అప్పుడు కావలసిందీ, ఇప్పుడు కావలసిందీ అదే భరోసా. బెర్తు అద్దె, కంటైనర్ దించే ఛార్జీ, నిల్వ ఛార్జీ, ప్రభుత్వం మారితే ఒప్పందం మారదన్న హామీ, ఇవన్నీ తొలి ఓడ రాకముందే కాగితం మీద ఉండాలి. 2019లో పోర్టు కట్టే కంపెనీతో ఉన్న పాత ఒప్పందం రద్దయి, గొడవ కోర్టుకెక్కిన సంగతి ఓడల కంపెనీలకు తెలియదనుకుంటే పొరపాటే.

చివరికి 16 బెర్తుల దాకా పెంచవచ్చని ఇప్పటి నుంచే చెబుతున్నారు. రాష్ట్రంలో రేవుల పని చూసే మారిటైమ్ బోర్డు వారు ఆ బొమ్మను కాస్త పక్కన పెట్టి, గుంటూరు ఎగుమతిదారులనూ హైదరాబాదు దిగుమతిదారులనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏ నెలలో ఎన్ని పెట్టెలు రాగలవో, ఎన్ని పోగలవో రాయించుకోవాలి. ఐదో బెర్తు మాట ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం.