మా బస్సు తోకకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ ట్రైలరు గారికి,

ఉభయకుశలోపరి.

ఎప్పుడూ మా వెన్నంటే ఉండే నీకు ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకు. దారిలో ఉన్నంతసేపూ నువ్వు డ్యాష్‌బోర్డు మీది అరచేయంత తెరలో మా ఆయనకే కనిపిస్తావు. నాకు కనిపించేది బండి పెట్టే వేళే. ఆ వేళ మన ముగ్గురి మధ్యా నడిచే మాటలు పిల్లలు వినదగ్గవి కావు. అందుకే ఇలా, కాస్త మర్యాదగా.

నువ్వు రాకముందు సంగతి ఒకటి చెప్పాలి. డాలస్ శివార్లలో ఒకే ఇంట్లో పన్నెండేళ్లు ఉన్నాం. ఇష్టపడి కాదు, హెచ్‌1బి వీసా మీద. పనిచేసే ఊరు మారితే కంపెనీ మళ్లీ పిటిషన్ వేయాలి, దానికో లాయరు, దానికో టెన్షను. గ్రాండ్ కాన్యన్‌ని కూడా థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, వెనకనుంచి ఎవరో 'జరగండి, జరగండి' అంటున్నట్టే చూసొచ్చాం. గ్రీన్‌కార్డు వచ్చిన రాత్రి మా ఆయన డైనింగ్ టేబుల్ మీద అమెరికా మ్యాపు పరిచారు. ఆయన ఆఫీసు పని లాప్‌టాప్‌లోనే. టెక్సస్‌లో పిల్లల్ని ఇంట్లో చదివించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇల్లు అమ్మేశాం. 37 అడుగుల డీజిల్ మోటర్‌హోమ్, అంటే లోపల ఇల్లున్న బస్సు, కొన్నాం. సామాను వదిలించుకుని తేలిగ్గా బతుకుదాం అన్నది అప్పట్లో మా నినాదం.

గరాజ్ సేల్‌లో సోఫాలు పోయాయి, మంచాలు పోయాయి. మూడోరోజు నేను వెట్ గ్రైండర్ ముందు నిలబడి "ఇది మాత్రం ఉండనీండి" అన్నాను. నీ పుట్టుకకు ఆ ఒక్క మాటే కారణం. గ్రైండర్ ఉంటే మా అత్తగారి ఇత్తడి గుండిగ ఎందుకు పోవాలి? గుండిగ ఉంటే బొమ్మల కొలువు పెట్టెలు రెండూ ఏం పాపం చేశాయి? ఇండియా వెళ్లేటప్పుడు కావాలి కదా అని 23 కిలోల సూట్‌కేసులు ఆరు. అవి ఖాళీగా ఎందుకుండాలని వాటినిండా పట్టుచీరలు. ఇవన్నీ పెట్టడానికి చోటు కావాలంటే, ఎలాగూ కారు తీసుకెళ్లాలి కదా, కారుతో పాటు ఇవి కూడా పట్టే మూసిన ట్రైలరు తీసుకుందాం అన్నారు మా ఆయన. నువ్వొచ్చావు. మూతితో కలిపి 27 అడుగులు. మొత్తం 64. చాలా రాష్ట్రాల్లో ముందూ వెనకా కలిపి 65 దాటకూడదు. టేపు పట్టుకుని కొలిచి, "ఇంకా ఒక అడుగు మిగిలింది" అని ఆయన మురిసిపోవడం నా కళ్లారా చూశాను.

వీడియో కాల్‌లో మా అమ్మకు నిన్ను చూపిస్తే చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నత్త కూడా ఒక్క ఇల్లే మోస్తుందే" అంది.

నీ లెక్కలూ నీలాగే. బస్సు నడపాలంటే టెక్సస్‌లో మామూలు లైసెన్సు చాలదు. 26,000 పౌండ్లు దాటిన బండికి క్లాస్ బి కావాలి. మా ఆయన ఆ పరీక్షకు చదివినంత శ్రద్ధగా ఇంజనీరింగ్ చదవలేదని మా అత్తగారే చెప్పారు. ట్రైలరు పదివేల పౌండ్లు దాటిందంటే క్లాస్ ఏ. అందుకని నీ తలుపు పక్కన గరిష్ఠ బరువు 9,990 పౌండ్లని అచ్చేశారు. ఆ పది పౌండ్లు తగ్గించి రాసిన మనిషి తెలివైనవాడే గానీ, మా ఇంటి ఆవకాయ జాడీలు ఎత్తి చూసినవాడు మాత్రం కాదు. ట్రక్ స్టాపులో నిన్ను కాటా మీదికి ఎక్కించిన రోజు 9,840 చూపించింది. ఎయిర్‌పోర్టులో పెట్టె తూకం దగ్గర ఊపిరి బిగబట్టే అలవాటు మా వంశంలోనే ఉంది. ఆ రోజూ బిగబట్టాం.

బరువు ఎంతన్నది ఒకటే కాదు, ఎక్కడన్నది కూడా చూడాలని నువ్వే నేర్పావు. అమరిల్లోలో ఆగినప్పుడు, దిగగానే చేతికందుతాయని గ్రైండరూ రెండు బియ్యం బస్తాలూ మంచినీళ్ల కేసులూ నీ వెనక తలుపు దగ్గరికి జరిపాను. ఇంటి సర్దుబాటు నా శాఖ, ఆయన్ని అడగలేదు. ట్రైలరు బరువులో నూటికి పది నుంచి పదిహేను వంతులు దాని మూతి మీద, అంటే కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే మూతి తేలిపోతుంది. టుకుమ్‌కారీ దాటాక ఒక లారీ మమ్మల్ని రాసుకున్నట్టే దాటిపోయింది. ఆ గాలికి నువ్వు తోకాడించావు. ముందు కుక్కపిల్లలా, తర్వాత మొసలిలా. బస్సుకు వెన్నులో ఎవరో గుద్దుతున్నట్టుంది. మా ఆయన బస్సు బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్ వదిలేసి, నీ బ్రేకు ఒక్కటే చేత్తో నొక్కారు. నువ్వు నిదానించావు. రోడ్డు పక్కన ఆపి గ్రైండరు రాళ్లు ఒక్కోటీ ముందుకి మోశాం. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బావుండేది.

ఇక రివర్సు. యూటాలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో, ముందు నుంచి దూరి ముందుకే బయటపడే చోటు కావాలని రెండు నెలల ముందు బుక్ చేశాం. తీరా వెళితే వెనక్కి పెట్టాల్సిన చోటు ఇచ్చారు. సాయంత్రం ఏడు. చుట్టుపక్కల వాళ్లంతా మడత కుర్చీలు మావైపు తిప్పుకున్నారు. నేను వాకీటాకీ పట్టుకుని వెనక నిలబడ్డాను.

"ఎడమకి తిప్పండి."

"స్టీరింగ్ ఎడమకా, ట్రైలరు ఎడమకా?"

"ఎడమకి!"

"మీ ఎడమా, నా ఎడమా?" మా ఆయన 'మీరు' అన్నారంటే కోపం నషాళానికి అంటిందని అర్థం.

నువ్వేమో అటు కాదు, ఇటు కాదు, మడత కత్తిపీటలా ముడుచుకుంటున్నావు. నలభై నిమిషాలు. ఒకావిడ మా చిన్నదానికి పాప్‌కార్న్ కూడా ఇచ్చింది. చివరికి ఒక ముసలాయన లేచొచ్చి, స్టీరింగుని కింద అంచు దగ్గర పట్టుకోమని చేత్తో చూపించాడు. అలా పట్టుకుంటే చెయ్యి ఎటు పోతే నువ్వూ అటు పోతావు. ఒక్కసారికే బుద్ధిగా లోపలికి వెళ్లావు. ముక్కూ మొహం తెలియని మనిషి మాట వింటావు, పెట్రోలు డీజిలు పోసి మోసే మా మాట వినవు.

(బస్సు మరుగుదొడ్డి ట్యాంకు గురించి ఇక్కడ రాయను. దానికి వేరే ఉత్తరం బాకీ ఉంది.)

యూటాలోనే జయన్ నేషనల్ పార్కు సంగతి మాత్రం మర్చిపోను. తూర్పు వైపునుంచి వస్తే 1930లో కొండ తొలిచి తెరిచిన సొరంగం ఉంది, మైలుకు పైగా పొడవు. మేం వెళ్లిన నాటికి బస్సు ఒక్కటే అయితే, రుసుము కట్టించుకుని, ఎదురుబళ్లు ఆపి, నడిమధ్యలోంచి రాజావారిలా పంపేవారు. ముందూ వెనకా కలిపి 50 అడుగులు దాటితే మాత్రం లేదు. వెనక్కి తిరిగి కనాబ్ మీదుగా రెండు గంటల చుట్టు. ఆ రెండు గంటలూ పిల్లలు "పెళ్లికొచ్చినవాళ్లని పందిట్లోంచే పంపేశారు" అన్నట్టు కూర్చున్నారు. మోంటానాలో గ్లేషియర్ నేషనల్ పార్కులో ఇంకా నయం, కొండ మీది రోడ్డుకి 21 అడుగులే హద్దు, కాబట్టి బస్సుకీ దారిలేదు, నీకూ లేదు. నీ కడుపులో ఉన్న కారు దింపి వెళ్లాం. నిన్ను ఒకచోట పెట్టినందుకు రోజు అద్దె కట్టాం. స్టోర్‌రూమ్‌కి అద్దె కట్టడమే అయితే డాలస్‌లోనే కట్టేవాళ్లం కదా అని అడిగాను. ఆ కొండ మేకలు చూడు, ఎంత బావున్నాయో అన్నారు.

నిజం చెప్పాలంటే, ఏడాదిన్నరలో ఆ గుండిగ ఒక్కసారే దింపాం. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌సైట్ దగ్గర సంక్రాంతికి, చలికాలం గడపడానికి వచ్చిన రిటైరైన అమెరికన్లు పాతికమందికి పులిహోర కలిపాను. సూట్‌కేసులు తెరవలేదు. కొలువు పెట్టెల్లో ఒకదానిలో దశావతారాలు తొమ్మిదే ఉన్నాయి, పదోది ఎక్కడ పోయిందో తెలియదు. వెతకాలంటే నిన్ను మొత్తం దింపాలి.

నిన్ను అమ్మేద్దామని మొన్న నేనే అన్నాను. మా ఆయన ఒప్పుకున్నారు. వెంటనే. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాత్రి రెండింటికి లేచి చూస్తే ఫోన్‌లో ట్రైలర్లు చూస్తున్నారు. మూతితో కలిపి 32 అడుగులది. ఏమిటంటే, సైకిళ్లకి వేరే అర ఉందట. 65 అడుగుల లెక్క కదా అంటే, దానికేముంది, బస్సు నాలుగడుగులు పొట్టిది తీసుకుందాం అన్నారు.

ఇట్లు,
నీ ముందు నడిచే ఇంటి ఇల్లాలు

తా.క. వెనక తలుపు దగ్గరున్న సోనామసూరి బస్తా ముందుకి జరిపాను. రేపు గాలి ఎక్కువట.