బంగారు తీగకి మందు అడిగేవాళ్లకి

తెల్లారితే ఫోన్లో ఇదే గోల. "అన్నా, మినుములో బంగారు తీగ పడింది, ఏ మందు కొట్టమంటావ్?" ఫొటో చూస్తే చేను మీద ఉడికించిన సేమ్యా గుమ్మరించినట్టు అర సెంటు మేర పసుప్పచ్చగా అల్లుకుపోయి ఉంటుంది. ఇప్పుడడిగి ఏం లాభం నాయనా!

ఈ కలుపు తీగకి ఆకు లేదు, మినుము కాడని పట్టుకున్నాక నేలలో వేరు కూడా ఉండదు. కాడలోకి సన్నటి ముళ్లలాంటివి దించి మన మొక్క రసం మీదే బతుకుతుంది. ఇరవై, ఇరవై ఐదు రోజుల చేలో ఇమాజితాపిర్ అనే కలుపు మందు కొడితే కొంత అణుగుతుంది, అంతే. ఇలా చాపలా అల్లాక దాన్ని మాడ్చే మందు మినుముని మాత్రం వదులుతుందా?

కొట్టుకెళ్తే ఏదో సీసా చేతిలో పెడతారు, అది వేరే సంగతి. పోయినేడు నేనూ తెచ్చాను పారాక్వాట్ అనే గడ్డి మందు, తీగ మచ్చలుగా అల్లిన చోట కొట్టమన్నారు. తీగా మాడింది, మినుమూ మాడింది, వారం తిరక్కుండా మచ్చ అంచున కంటికి ఆనని ముక్క ఒకటి మళ్లీ పాకింది. పైగా ఆ మందు కడుపులోకి పోతే విరుగుడు లేదు, దాని మూత పళ్లతో తీసేవాళ్లని నా కళ్లతో చూశాను.

అలాగని గడ్డి మందే వద్దని సుద్దులు చెప్పను. కూలీలు దొరకని ఊరు మాది, వరిలో ఊదకీ తుంగకీ నేనూ కొడతాను. కానీ దేని అదను దానిది. మేం మినుము వేసేది వరి చేలోనే కాబట్టి వరి పనలు తీయగానే, తీగ మొలవకముందే పెండిమిథాలిన్ అనే కలుపు మందు ఇసుకలో కలిపి చల్లాలి. విత్తనం జల్లెడ పట్టాలి, తీగ గింజ మినుము కంటే బాగా చిన్నది, కిందికి రాలిపోతుంది. ఈ రెండూ మానేసి జనవరిలో సీసాల కోసం తిరుగుతాం. అప్పటికీ మిగిలితే పూత రాకముందే మొక్కతో సహా పీకి కాల్చడమే, తీగ గింజ నేలలో ఏళ్ల తరబడి చావదు.

మా గట్టవతల బాబాయ్ పోయినేడు పీకాడు పాపం, పీకి బోదెలో పడేశాడు. "పూత మీదుంది బాబాయ్, కాల్చెయ్" అంటే "ఎండకి అదే చస్తుందిలేరా" అన్నాడు. తర్వాత వానాకాలం బోదెకి నీళ్లొచ్చాయి. ఈ ఏడు మొదటి మచ్చ, సరిగ్గా ఆ బోదె మా చేలోకి తిరిగే మూలలోనే పడింది.