నికోబార్ అడవికి హర్యానాలో బదులు ఉండదు

గ్రేట్ నికోబార్ దీవిలో రేవు, విమానాశ్రయం, పట్టణం కట్టడానికి 130 చదరపు కిలోమీటర్ల అడవిని వదులుకునేందుకు కేంద్రం 2022 అక్టోబరులో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ వివాదం పాఠకులకు తెలిసిందే. నాకు మింగుడుపడనిది అందులోని ఒక్క షరతు. పోయే అడవికి బదులుగా మొక్కలు నాటేది హర్యానాలో! ఏడాదిలో ఎక్కువ నెలలు వాన పడే దీవి ఎక్కడ, నాలుగు నెలల నైరుతి మీద బతికే ఆ మైదానం ఎక్కడ?

దేశ రక్షణకు, సరకు రవాణాకు ఆ రేవు అవసరమనే వాదన ఉంది. బొగ్గుపులుసు వాయువు ప్రపంచమంతటి గాలిలో కలిసేదే కాబట్టి, దాన్ని పీల్చే చెట్టు ఎక్కడున్నా ఒకటేనని కూడా అంటారు. రేవు సంగతి రక్షణ నిపుణులు తేల్చుకోనీ. రెండో మాట మాత్రం సగమే నిజం.

ఆ మిగతా సగమే అసలు సంగతి. చెట్టు వేళ్లతో నీటిని తోడి, ఆకుల నుంచి ఆవిరిగా వదులుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 0.7 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఖర్చవుతుంది. రోజుకు వంద లీటర్లు వదిలే మాను చుట్టూ ఉన్న గాలి నుంచి 70 యూనిట్ల వేడిని లాగేసినట్టే. ఆ చల్లదనం మాను నిలబడ్డ చోటే దక్కుతుంది, దాన్ని పార్సిల్ చేసి పంపలేం. ఆ ఆవిరి ఊరికే పోదు కూడా. అట్లాంటిక్ నుంచి వచ్చిన తేమను అమెజాన్ అడవి వానగా దించుకుని, మళ్లీ ఆవిరి చేసి, ఖండం లోపలికి అందిస్తూ పోతుంది. అదే అడవి ఉత్తరాన మంచు నేల మీద ఉంటే కథ తిరగబడుతుంది. తెల్లటి మంచు వెనక్కి కొట్టాల్సిన ఎండను నల్లటి కొమ్మలు పట్టుకుని నేలను వేడెక్కిస్తాయి. చోటు మారితే చెట్టు చేసే పనే మారిపోతుంది.

మన ప్రభుత్వాలకు మాత్రం చెట్టంటే ఒక అంకె. ఇన్ని లక్షల మొక్కలు నాటామన్న ప్రకటనకు ఉన్న విలువ, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయన్న ప్రశ్నకు లేదు. దేశంలోని అడవులను కొలిచే కేంద్ర సంస్థ ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారు దాటిన నేల మీద పది శాతం ఆకునీడ ఉంటే అది అటవీ విస్తీర్ణమే. నల్లమల, జామాయిల్ తోట, మామిడి తోట అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఈ ఖాతా చూపించి అడవి పెరిగిందంటుంటే నాకు కడుపు మండుతుంది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో బుల్‌డోజర్లు దిగినప్పుడు సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న ఆపే లోపే ఎన్నో చెట్లు నేలకూలాయి. వాటి నీడన గడిపిన విద్యార్థులకు, ఆ పొదల్లో బతికిన జింకలకు మరో జిల్లాలో నాటే మొక్క ఏ విధంగా బదులు?

కనీసం రెండు పనులు వెంటనే జరగాలి. సహజ అడవినీ తోటలనూ సర్వే వేర్వేరు పట్టికల్లో చూపాలి. ఒక వాన ప్రాంతంలో పోయిన అడవికి బదులును అదే ప్రాంతంలో చూపించలేకపోతే అనుమతి ఇవ్వకూడదు.