విదేశీ వార్తల పేజీ గారికి, కత్తెర విషయమై

మహారాజశ్రీ విదేశీ వార్తల పేజీ గారి సముఖమునకు,

నమస్కారములు. ఇక్కడ అందరం క్షేమం. మాలి దేశం మాత్రం క్షేమంగా లేదని తమరే మొన్న ఆరు లైన్లలో సెలవిచ్చారు. రాజధాని బమాకోలో పెట్రోలుకు కటకటట, బంకుల ముందు బారులట. పక్కన ఒంటె ఫొటో. పెట్రోలు దొరక్కపోతే ఎక్కి వెళ్లడానికి కాబోలు.

తమరికి తెలియదని కాదు గానీ, బమాకో నైజర్ నది ఒడ్డున ఉంటుంది, వానల్లో హైదరాబాద్‌కేమీ తీసిపోదు. ఇసుక దిబ్బలు కావాలంటే టింబక్టు వైపు వెళ్లాలి, రోడ్డు మీద సుమారు వెయ్యి కిలోమీటర్లు. డేట్‌లైన్‌లో అంటే వార్త రాసిన ఊరి పేరు దగ్గర, డకార్ అని వేశారు. అది సెనెగల్ రాజధాని. పోనీ, అందులో తమరి తప్పు లేదు. 2022లో సైనిక ప్రభుత్వం ఫ్రాన్స్ వార్తా ప్రసార సంస్థలు ఆర్‌ఎఫ్‌ఐ, ఫ్రాన్స్ 24 ప్రసారాలను ఆపేసిన దేశంలో కూర్చుని రాయడం ఎవరికైనా కష్టమే.

నా ఫిర్యాదల్లా కత్తెర గురించి.

ఏజెన్సీ కాపీ ఎలా వస్తుందో డెస్కులో అందరికీ తెలుసు. పైన ఇవాళ జరిగింది, మధ్యలో ఎవరేమన్నారు, అట్టడుగున అసలెందుకు జరిగింది. రాత్రి పదకొండుకు యాడ్ ఒకటి దిగుతుంది. ఐటెం సగమైపోవాలి. సబ్‌ఎడిటర్ కింది నుంచే కోస్తాడు, ఎందుకంటే పైన కోస్తే ఇంట్రో మళ్లీ రాసుకోవాలి, ఈలోగా ఎడిషన్ టైం దాటిపోతుంది. అలా ప్రతిసారీ పోయేది 'ఎందుకు' అన్న పేరాయే. అందుకే 2012లో, 2020లో, 2021లో మాలిలో సైన్యం గద్దెనెక్కిన ప్రతిసారీ అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టే ఉంది.

ఇక మాలి పాటను సినిమా పేజీకి తోసేశారు. 2024లో మాలి కోరా విద్వాంసుడు తుమానీ దియాబాతే పోతే ఆయన వాయించేది 'గిటార్ లాంటి వాయిద్యం' అయింది. కోరాకు మెట్లే లేవు మహాప్రభో! పెద్ద సొరబుర్రను సగానికి కోసి, ఆవుతోలు బిగించి, 21 తీగలు కడతారు. వాయించేవి రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు. మిగతావి పట్టుకోవడానికే.

అసలు ఆ దేశంలో పాటనూ రాజకీయాన్నీ వేరు పేజీల్లో వేయడం ఎలా కుదురుతుందండీ? గిటార్ వాద్యకారుడు అలీ ఫర్కా తూరే గ్రామీలు గుర్తున్నాయి. 2004లో ఆయన ఉత్తరాన నియాఫుంకే ఊరికి మేయర్ అయ్యాడన్న ముక్క కోతలో పోయింది. గాయకుడు సలీఫ్ కెయిటా 2020 చివర్లో సైనికులు వేసిన మండలిలో చేరాడు, 2023లో సైనిక పాలకుడు గోయిటాకు ప్రత్యేక సలహాదారుడయ్యాడు. సినిమా పేజీ అది రాజకీయమనుకుంది, తమరు అది సినిమా అనుకున్నారు.

ఇక ఇయాద్ అగ్ ఘాలీ. 2012లో ఉత్తర మాలిని పట్టుకుని పాటలు బంద్ చేయించిన ముఠాల్లో ఒకదానికి ఆయన నాయకుడు. 2025లో ట్యాంకర్లు తగలబెట్టి బమాకోకు పెట్రోలు అందకుండా చేసిన అల్‌ఖైదా అనుబంధ ముఠా జేఎన్‌ఐఎంకూ ఆయనే నాయకుడు. ఇదే మనిషి 1980లలో లిబియా సైనిక శిబిరాల్లో టినారివెన్ అనే పాటల బృందం కుర్రాళ్లతో కలిసి తిరిగాడు. వాళ్లు గ్రామీ అందుకున్నదీ ఆ 2012లోనే. పాటగాళ్ల పాత నేస్తమే పాట గొంతు నొక్కాడన్న కథ అట్టడుగు పేరాలో ఉంటుంది. దాన్నే ఎగరగొడతారు!

ఏం పేజీవి నువ్వు? 2025 జూలైలో పడమటి మాలిలోని కేయ్స్ సిమెంట్ ఫ్యాక్టరీ నుంచి మనవాళ్లను ఎత్తుకెళితే జిల్లా పేజీ ఇంటివాళ్ల ఏడుపు వేసింది. నువ్వేమో మాలి పశ్చిమాఫ్రికాలో ఉందని చెప్పి ఊరుకున్నావు. ఉత్తరాన అంటుకున్నది మధ్యకు, అక్కణ్నుంచి పడమరకు పాకిందని పదమూడేళ్లలో ఒక్కసారి సరిగ్గా వేసి ఉంటే, అక్కడికి ఉద్యోగానికి బయల్దేరేవాడు ఏజెంటును ఇంకో ప్రశ్న అడిగేవాడు కదా!

జాగా లేదంటావు. ఏ అమెరికా బామ్మో వందో పుట్టినరోజుకు పారాచూట్ కట్టుకుని దూకితే మాత్రం మూడు కాలమ్‌లు, కలర్‌లో. సరే, రెండే వాక్యాలు రాసిస్తున్నా, వేసుకో:

'2012లో ఉత్తర మాలిని ఆక్రమించిన ముఠాల్లో ముఖ్యమైనవి 2017లో ఒక్కటై, 2025లో రాజధానికి పెట్రోలు ఆపాయి. వాటిని అణచి ఎన్నికలు పెడతానన్న సైన్యం, ఎన్నిక లేకుండానే గోయిటాకు ఐదేళ్లు రాసిచ్చుకుంది.'

యాడ్ వస్తే రెండోది కోసుకో. మొదటిదాని జోలికి పోకు.