చేదు ఆకుది కాదు, నీళ్లది

గ్రీన్ టీ చేదుగానే ఉంటుంది, తేనె కలుపుకోండి అని మీరు ప్రచురించిన వ్యాసంలో సలహా ఇచ్చారు. ఆ చేదులో ఎక్కువ భాగం ఆకుది కాదండీ, సలసల మరిగే నీళ్లది. జపానులో మామూలుగా తాగే గ్రీన్ టీ సెంచాకు 70 డిగ్రీల వేడి, ఒక నిమిషం చాలు. నీడలో పెంచే మేలురకం గ్యోకురోకైతే 50, 60 మధ్య. థర్మామీటరు అక్కరలేదు. అక్కడివాళ్లు యుజమాషి అనే మూతలేని చిన్న పాత్రలోకి నీళ్లు వంపి చల్లారుస్తారు. పాత్ర మార్చినప్పుడల్లా దాదాపు 10 డిగ్రీలు దిగుతుంది. మనం వేడి పాలను రెండు గ్లాసుల మధ్య తిరగబోసినట్టే అనుకోండి.

ఇక ఆ వ్యాసం ఫోటోలో చూపిన చైనా యిషింగ్ మట్టి టీ కూజా ముచ్చటగానే ఉంది గానీ, గ్రీన్ టీకి నేను వాడను. మందపాటి మట్టి వేడిని పట్టి ఉంచుతుంది. అది ఊలాంగ్, పుఎర్ అనే చైనా టీ రకాలకు మేలు. లేత ఆకును మాత్రం ఉడికించేస్తుంది. సెంచాకు పక్కన పిడి ఉండే జపాను టీ కూజా, క్యూసు హాయి. కొనేటప్పుడు లోపలి జల్లెడ చూడండి. ఎక్కువసేపు ఆవిరి పట్టిన ఫుకముషి ఆకు నలిగి పొడిపొడిగా ఉంటుంది, రంధ్రాలు పెద్దవైతే కొమ్ములో అడ్డం పడుతుంది. నా మొదటి క్యూసు అలాగే అటకెక్కింది. చివరి బొట్టు దాకా వంపడం మరవకండి, మిగిలిన నీటిలో ఆకు నానితే రెండో విడత చెడుతుంది.

చైనాలోని హాంగ్‌జౌ గ్రీన్ టీ లాంగ్‌జింగ్‌కు ఇవేవీ వద్దు, పొడవాటి గాజు గ్లాసు చాలు. పెనంలో వేయించి చదును చేసిన ఆ ఆకు విచ్చుకుంటూ కిందికి దిగడం చూడడానికే సగం మంది తాగుతారనుకుంటాను. గ్లాసులో మూడో వంతు మిగలగానే మళ్లీ వేడినీళ్లు పోసుకోండి.